డ్రమ్ముకు పెట్టిన మైకు

మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు.

అది నేను ఆంప్లిఫైయర్ ఆన్ చేసిన టైము. నోట్‌బుక్‌లో ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఉత్త జ్ఞాపకం మీద గంటలూ నిమిషాలూ చెప్పేవాళ్లను నేను నమ్మను. మైక్‌సెట్ నడిపేవాడు టైము రాసుకోవాలి. ఎప్పుడు ఆన్ చేశాడో తెలియకపోతే ఎప్పుడు ఆపి చల్లార్చాలో తెలియదు, మిషన్ మాడిపోతుంది. అక్షరాలు రాకముందు నుంచీ నాకు అంకెలు వచ్చు. ముప్పై ఏళ్లపాటు నా నోట్‌బుక్కుల్లో అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

పెద్ద సమ్మె విరమించిన తర్వాత వచ్చిన చలికాలం అది. తెలంగాణ ఇంకా రాలేదు. క్యాంపస్ గేట్ల దగ్గర పోలీసు బండ్లు ఎంతకాలంగా ఉన్నాయంటే, తార్నాక వైపు చాయ్ అమ్మే ఆయన ఏ కానిస్టేబుల్‌కు చక్కెర తక్కువో అడగకుండానే కలిపేవాడు. లోపల, కాలేజీ వెనక రాళ్లగుట్ట దగ్గర, వేపచెట్ల కింద ఒక రాక్ బ్యాండ్ పాడబోతోంది. ఆ సాయంత్రం తేలవలసింది ఒక్కటే: డ్రమ్ములు కొట్టే పిల్ల ఆ బ్యాండ్‌లో ఉంటుందా, వెళ్లిపోతుందా.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. మాది భువనగిరి వైపు పల్లె, వ్యవసాయం. నేను చదువుకోలేదు. మా ఊళ్లో బడి ఉంది, నేనే పోలేదు. పేదరికం మీదికి నెట్టేస్తే వినేవాళ్లకు బాగుంటుంది గానీ అది అబద్ధం అవుతుంది. పంతొమ్మిదేళ్లకు లాలాపేట వచ్చి ఒక మైక్‌సెట్ ఆయన దగ్గర వైర్లు మోశాను. తర్వాత తార్నాక గల్లీలో నా సొంత దుకాణం పెట్టుకున్నాను. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పెళ్లిళ్లు, మల్కాజ్‌గిరి బోనాలు, అన్ని పార్టీల మీటింగులు నా బాక్సుల్లోంచే వినబడ్డాయి. ఆంప్లిఫైయర్ మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. ఎడమ నుంచి మూడో బిరడా తిప్పితే గొంతు సన్నబడుతుంది, నాలుగోది తిప్పితే లావవుతుంది. అంతకంటే తెలియాల్సిన పని నాకు పడలేదు.

చదువు మా ఇంట్లో ముందు నా భార్య నేర్చుకుంది. బస్తీలో పెద్దవాళ్లకు సాయంత్రం తరగతి పెడితే పోయింది. ఆర్నెల్లకు బస్సు బోర్డులు చదవసాగింది. ఒకరోజు నేను ఎక్కి సీటు కూడా పట్టుకున్నాక, "ఇది మల్కాజ్‌గిరి పోదు, దిగు" అని అందరి ముందర దించింది. ఆ అవమానానికి నేనూ పలక పట్టాను. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. పంతులమ్మ నా భార్యే. తప్పు చదివితే చెంచాతో వేళ్ల మీద కొట్టేది. ఇది కూడా నిజం.

బ్యాండ్ పిల్లలు నా దగ్గరికి వచ్చింది ఈ మంగళవారానికి రెండేళ్ల ముందు. ముగ్గురు. పాటలు రాసి, పాడి, గిటారు వాయించేవాడు సిద్దిపేట దగ్గరి రైతుబిడ్డ, క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాడు. లావు తీగల గిటారు వాయించేవాడు మల్కాజ్‌గిరి పిల్లగాడు, వాళ్ల నాన్న రైల్వేలో పని చేసేవాడు. డ్రమ్ములు కొట్టే పిల్ల హబ్సిగూడలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్నది అనంతపురం, సర్కారు ఉద్యోగం మీద పాతికేళ్ల కింద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డ్రమ్ముల సెట్టు ఆ పిల్లదే, నాన్న కొనిపెట్టాడు.

"కాకా, మాకు బాక్సులు కావాలె. రాక్ మ్యూజిక్," అన్నాడు గిటారు పిల్లగాడు.

"పెండ్లా?"

"పెండ్లి గాదు కాకా, లొల్లి!" అన్నాడు లావు తీగలవాడు. వాడు ఎప్పుడూ అంతే.

ఇవ్వను అనబోయి, ముందు వాళ్లు సాధన చేసే చోటు చూస్తానన్నాను. తార్నాకలో ఒక పాత ఇంటి కారు షెడ్డు. గోడలకు హాస్టల్ మెస్సులోంచి తెచ్చిన గుడ్ల అట్టలు అంటించారు, తలుపుకు పాత పరుపు వేలాడదీశారు, శబ్దం బయటికి పోకుండా. వాయించి చూపించారు. రేకుల కప్పు మీద రాళ్ల వాన పడ్డట్టుంది. నాకేమీ నచ్చలేదు. అయితే అయిపోయాక ఆ పిల్ల వైర్లు చుట్టడం చూశాను. చాలామంది వైరును మోచేతికి వేసి గిరగిరా చుడతారు. వైరు లోపల మెలిపడి నాలుగు నెలలకు తెగుతుంది. మోచేతికి చుట్టేవాడికి నేను సామాను ఇవ్వను. ఈ పిల్ల ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి, వైరు ఎటు పోతానంటే అటు పోనిస్తూ చుట్టింది. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ లేదు తాతా, దానికెట్ల ఇష్టమో అట్ల చుట్టిన" అంది. ఆ రోజే ఒప్పుకున్నాను.

వాళ్లకు కొన్ని పట్టుదలలుండేవి. స్టేజీ మీద పాడరు, వినేవాళ్లు కూర్చున్న నేల మీదే. ముఖ్య అతిథి ఉండడు, శాలువా ఉండదు. టికెట్ లేదు. ఒక ఫోన్ల కంపెనీవాళ్లు వచ్చి వెనక తమ బ్యానర్ కట్టుకుంటే పెద్ద సౌండు పెట్టిస్తామన్నారు. "మా వెనక చెట్టున్నది, చాలు" అని పంపించేశారు. వచ్చినవాళ్లందరూ బాక్సులు మొయ్యాలి, ప్రొఫెసర్ వచ్చినా సరే. పాటలన్నీ సొంతవే. ఊళ్ల మీద, నీళ్ల మీద, నౌకరీల మీద, లాఠీల మీద. ఉద్యమం పాట అంటే డప్పు, గజ్జె ఉండాలని నేను అనుకునేవాణ్ణి. వీళ్లు కరెంటు తీగలతో అదే కోపం పలికిస్తున్నారని కొన్నాళ్లకు గానీ నా తలకెక్కలేదు.

నన్ను కట్టేసింది ఇంకొకటి. ముప్పై ఏళ్లలో జనం నన్ను "ఏ మైకూ!" అని పిలిచారు, సౌండు పెంచమన్నారు, తగ్గించమన్నారు. ఈ పిల్లలు ప్రతి పాట తర్వాత నా వైపు తిరిగి "ఎట్లున్నది కాకా?" అని అడిగేవారు. అంతకు ముందు ఎవ్వరూ అడగలేదు. నేను కూడా ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. "నీ గొంతు గొర్రె లెక్క ఉన్నది" అంటే, ఆ గిటారు పిల్లగాడు ఇంకోసారి పాడేవాడు.

అన్నిటికంటే విచిత్రమైన రూలు కాగితం రూలు. కొత్త పాట ఉంటే దాన్ని తార్నాక చౌరస్తాలో జిరాక్స్ తీయించి, పాడేముందు అందరికీ పంచేవారు. అందరూ చదవాలి. ఏ ఒక్కరికి ఏ ఒక్క లైను మీద అభ్యంతరం ఉన్నా లేచి చెప్పాలి. అది తేలేదాకా పాట మొదలు కాదు. చదవడం అయిపోయినవాళ్లు కాగితం పైకెత్తి చూపించాలి. అందరి చేతులూ లేచేదాకా ఆగేవారు. ఎంత ఆలస్యమైనా సరే.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మొదటిసారి నా చేతికి కాగితం వచ్చినప్పుడు నాకు అక్షరాలు వచ్చు గానీ, ఒత్తులు వచ్చిన చోట బండి ఆగిపోయేది. ఒక లైనుకు ఒక నిమిషం పట్టేది. చుట్టూ ఎమ్మేలు, పీహెచ్‌డీలు. సిగ్గేసింది. మనసులో పది లెక్కపెట్టి, కాగితం పైకెత్తాను. అందరికంటే ముందు ఎత్తినట్టున్నాను. "కాకా ఒక్క సూపుల చదివేస్తడు!" అని లావు తీగలవాడు అందరికీ చాటాడు. ఆ పేరు నాకు తియ్యగా ఉంది. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. ఎన్ని పాటలకు చదవకుండా ఒప్పుకున్నానో నాకే తెలియదు. వాళ్లేమో నెమ్మదిగా చదివేవాళ్ల కోసం ఓపిగ్గా ఎదురుచూసేవాళ్లు. నా వైపు మాత్రం చూసేవాళ్లు కాదు, కాకాది ఎప్పుడో అయిపోయి ఉంటుందని.

ఇక ఆ మంగళవారం.

ఆంప్లిఫైయర్ ఆన్ చేసి, పెద్ద డ్రమ్ము ముందు మైకు బిగిస్తున్నాను. నా దగ్గర మంచి మైకులు మూడే ఉండేవి. ఆరుబయట డ్రమ్ము శబ్దం గాలికి కొట్టుకుపోతుందని, ఒకటి దానికని కేటాయించి, విరిగిన స్టూలు కాలికి కట్టి నిలబెట్టేవాణ్ణి. ఆ పిల్ల వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"తాతా, ఇది నాకు లాస్ట్ ప్రోగ్రాం. ఎవురికీ చెప్పొద్దు."

"ఎందుకు బిడ్డా?"

"పరీక్షలున్నాయి."

"పోయినేడు లేకుండెనా పరీక్షలు?"

నవ్వలేదు. "మా నాయన ఆటో తెస్తాండాడు. అయిపోతానే డ్రమ్ములు ఇంటికి ఎత్తకపోతాం," అంది. మామూలుగా ఆ పిల్ల మాలాగే మాట్లాడుతుంది. మనసు నొచ్చినప్పుడు మాత్రం వాళ్ల ఇంటి మాట వస్తుంది. అది నేను రెండేళ్లలో కనిపెట్టాను. ఏమైందని ఇంకోసారి అడిగేలోపల లేచి వెళ్లి డ్రమ్ముల వెనక కూర్చుంది.

అన్నట్టే వాళ్ల నాన్న ట్రాలీ ఆటో వెంటబెట్టుకుని వచ్చాడు. దారి పక్కన ఆపించి, స్కూటర్‌కు ఆనుకుని, హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

గిటారు పిల్లగాడు కాగితాలు పంచాడు. కొత్త పాట. లాఠీఛార్జీలో దెబ్బలు తిని, స్టేషన్‌లో ఒక రాత్రి ఉండి వచ్చాక రాసిందన్నాడు. చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు వాడికి. నలభై మంది దాకా ఉన్నారు. అందరూ తలలు వంచి చదవడం మొదలుపెట్టారు. నేను అలవాటుగా పది లెక్కపెట్టబోతూ ఆ పిల్ల వైపు చూశాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కదలకుండా ఉండేందుకు డ్రమ్ము కాలి కింద దోపింది. చదవలేదు. అంటే అంతకుముందే చదివింది. అంటే సంగతి పరీక్షల్లో లేదు, ఈ కాగితంలో ఉంది.

ఆరు దగ్గర లెక్క ఆపి, మొదటి లైను మీద వేలు పెట్టాను.

మొదటి చరణం బాగుంది. బోరు ఎండిన సంగతి, నౌకరీ కోసం పదేళ్లు ఎదురుచూసి వయసు దాటిపోయిన అన్న సంగతి. అది వాడి సొంత అన్నే, నాకు తెలుసు. నిదానంగా చదువుతుంటే, ఇన్నాళ్లూ ఈ పిల్లగాడు ఇంత మంచిగా రాస్తున్నాడా, నేను చూడనేలేదే అనిపించింది. ఈలోపు చుట్టూ చేతులు లేస్తున్నాయి. అందరివీ లేచాయి.

"కాకా, నీదైపోయింది గదా?" అన్నాడు గిటారు పిల్లగాడు.

"కాలే."

"కాకా ఇయ్యాల స్లో మోషన్ల ఉన్నడు!" అన్నాడు లావు తీగలవాడు. జనం నవ్వారు.

నా పక్కన రాయి మీద నా భార్య కూర్చుని ఉంది. ప్రోగ్రాంకు ఆమె కూడా వచ్చేది, చెవుల్లో దూది పెట్టుకుని. నవ్వులు కనబడి దూది తీసింది. "ఏంది నగుతున్నరు? ఆయనకు నిరుడే వచ్చినయి ఒత్తులు. టైం పడతది. కూసోండ్రి," అంది. నా వైపు తిరిగి, "నువ్వు సదువు. ఏలు తియ్యకు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. లావు తీగలవాడి మొహం నేను చూడలేదు, చూడదలచుకోలేదు. రెండేళ్ల పేరు ఒక్క మాటతో పోయింది. అయితే రూలు రూలే. గిటారు పిల్లగాడు గిటారు పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. నలభై మంది చదువుకున్నవాళ్లు ఒక ముసలివాడి వేలి కోసం ఎదురుచూశారు. దారి పక్కన ఆటో ఆయన, "సార్, లేపుదమా సామాను?" అన్నాడు. "ఆగప్పా," అన్నాడు ఆ పిల్ల నాన్న.

మూడో చరణంలో దొరికింది. "వచ్చిన బాటనే పోవాలె వచ్చినోళ్లంతా, ఒక్కరు మిగలొద్దు."

రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. లేచి నిలబడ్డాను.

"గీ లైను మీద నాకు అభ్యంతరం ఉన్నది."

వెనక నుంచి ఒక విద్యార్థి లేచాడు. "లాఠీలు తిన్నోళ్లు రాసిన పాట. ఒక్క ముసలాయన ఆపుతడా?"

"లాఠీ నేనూ తిన్న. నా ఆంప్లిఫైయర్ గూడ తిన్నది. దాని సొట్ట ఇంకా ఉన్నది, వచ్చి సూడు."

అతను నిజంగానే వచ్చి చూశాడు. సొట్ట మీద చెయ్యి పెట్టి, వెళ్లి మళ్లీ కూర్చున్నాడు. ఇప్పటికీ అతనంటే నాకు గౌరవం.

గిటారు పిల్లగాడికి కోపం వచ్చింది. "ఏంది కాకా, పాటల 'అంతా' అంటం. ఒక్కొక్కల్ని లెక్కవెట్టి రాస్తమా? మన నౌకర్లు, మన నీళ్లు పోయినయా లేదా?"

"పోయినయి. గది మొదటి చరణంల రాసినవ్, మంచిగున్నది. నాకు దాని మీద లొల్లి లేదు. నేను మైక్‌సెట్టోణ్ణి, నాకు పని చెప్పు. మూడో చరణం వచ్చేసరికి గీ డ్రమ్ము మైకు పీకాల్నా, ఉంచాల్నా?"

"మైకెందుకు పీకుడు?"

"'ఒక్కరు మిగలొద్దు' అని రాసింది నువ్వే. గీ పిల్ల మిగిల్తే నీ పాట అబద్ధం అయితది. పోతే నీ పాటకు దరువు లేదు. ఏదో ఒకటి చెప్పు, వైరు నా చేతులనే ఉన్నది."

వైరు నిజంగానే చేతిలో ఉంది. నేను దాన్ని కావాలని పట్టుకోలేదు. లేచినప్పుడు పట్టుకున్నట్టున్నాను.

గిటారు పిల్లగాడు వెనక్కి తిరిగి ఆ పిల్లను చూశాడు. వాయించేటప్పుడు వాడు ఎప్పుడూ జనం వైపే తిరిగి ఉంటాడు. డ్రమ్ములు వీపు వెనక ఉంటాయి.

"నీ గురించి రాయలే. నీకు తెల్వదా?"

"తెలుసు. నన్ను మర్చిపోయి రాసినావు. రెండేండ్లు నీ ఎనకాల్నే కూచోని కొడ్తాండా, మర్చిపోయినావు."

"మరి చెప్పొచ్చు గదా! రూలు పెట్టుకున్నదే గందుకు గదా!"

"నేను చెప్తే ఏమంటారు? వాళ్లోళ్ల కోసం చెప్పింది అంటారు. మాది సీమ అన్నా ఎవురూ ఇనరు. పాట నా వల్ల ఆగిందంటారు. అందుకే పోదామనుకున్నా."

"పోవుడేంది?" అన్నాడు లావు తీగలవాడు. అప్పుడు గానీ వాడు ట్రాలీ ఆటోను చూడలేదు. ఆటో వైపు, ఆ పిల్ల నాన్న వైపు, డ్రమ్ముల వైపు చూసి, "అరె యార్, రూలు అందరికి పెట్టి, నోరు కొందరికే ఇచ్చినమా?" అన్నాడు. వాడు జోకు వేయకుండా మాట్లాడింది నేను విన్నది ఆ ఒక్కసారే.

గిటారు పిల్లగాడు నా బాక్సు మీద కూర్చున్నాడు. బాక్సు మీద కూర్చోనివ్వను నేను ఎవ్వరినీ, ఆ రోజు ఊరుకున్నాను. కాగితం తొడ మీద పెట్టుకుని పెన్ను తీశాడు. ఏదో రాశాడు, కొట్టేశాడు. మళ్లీ రాశాడు, కొట్టేశాడు.

"లైను తీసేస్తె పాట కుంటుతది," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, పనివాడి ఇబ్బంది ఉంది.

"కుంటదు," అంది ఆ పిల్ల. "ఆ జాగా నాకియ్యి. మీరిద్దరూ ఆపండి. నేనొక్కదాన్నే కొడ్తా. మళ్లా పల్లవి కాడ ఎత్తుకోండి."

"ఎంతసేపు?"

"లైను ఎంతసేపో అంతసేపు."

వాడు మనసులో లెక్క వేసుకుని తల ఊపాడు. అందరి కాగితాల మీద ఆ లైను ఉంది కదా, దాన్ని ఏం చేయాలని ఎవరో అడిగారు. ఎవరి కాగితం మీద వాళ్లే కొట్టేయాలన్నారు. నాలుగైదు పెన్నులు చేతులు మారుతూ పోయాయి. నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ కొట్టేశాను. సంతకం తప్ప, పెన్నుతో నేను జనం మధ్యలో చేసిన మొదటి పని ఒక గీత గీయడం. కొంచెం వంకర పోయింది. నా భార్య చూసి, "సాపుగ గియ్యొస్తలే?" అంది.

ఐదు ఇరవైకి పాట మొదలైంది. ఆ పాట గురించి గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. మొదటి చరణం వచ్చినప్పుడు, నేను చదివిన మాటలే గాలిలో వస్తున్నాయని తెలిసి, వచ్చే మాట వచ్చేలోపల నేనే పెదవులతో అన్నాను. అంతకు ముందు ఏ పాటకూ నాకు అలా జరగలేదు. మూడో చరణంలో గిటార్లు రెండూ ఆగాయి. ఆ పిల్ల ఒక్కతే. నేను డ్రమ్ము మైకు బిరడా పెంచాను, ఎప్పుడూ పెంచనంత పెంచాను. మైకు ఈల వేస్తుందేమోనని భయపడ్డాను, వెయ్యలేదు. శబ్దం రాళ్లగుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. గిటారు పిల్లగాడు జనం వైపు వీపు పెట్టి, ఆ పిల్ల వైపు తిరిగి నిలబడ్డాడు, పల్లవి ఎప్పుడు ఎత్తుకోవాలో ఆమె కళ్లతో చెప్పేదాకా.

పాట అయ్యాక ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఎట్లున్నది కాకా?"

"నీ గొంతు ఇంకా గొర్రె లెక్కనే ఉన్నది. డ్రమ్ము మంచిగున్నది."

ఇంకో ఐదు పాటలు పాడారు. పూర్తిగా చీకటి పడకముందే ఆపేశాం, గేట్ల దగ్గర ఇబ్బంది లేకుండా. అందరూ బాక్సులు మోస్తుంటే ఆ పిల్ల నాన్న డ్రమ్ముల దగ్గరికి వచ్చాడు. మితభాషి ఆయన. "ఏమ్మా, ఎత్తుదామా?" అన్నాడు. ఆ పిల్ల వైరు చుడుతోంది, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి. తల ఎత్తకుండానే, "షెడ్డుకే పోనీ నాయనా. వచ్చే మంగళవారం మళ్లా ఉంది," అంది. ఆయన హెల్మెట్ నా భార్య చేతికిచ్చి, పెద్ద డ్రమ్ము ఒక వైపు పట్టుకున్నాడు. రెండో వైపు గిటారు పిల్లగాడు పట్టుకున్నాడు, బాగున్న చేత్తో. షెడ్డు నాలుగు గల్లీల అవతలే కాబట్టి మేం ఎప్పుడూ నడుచుకుంటూనే మోసేవాళ్లం.

ఆ కొట్టేసిన లైను జాగాలోకి గిటారు పిల్లగాడు తర్వాత ఒక కొత్త లైను రాశాడు. కాగితం పంచాడు. నేను చదివి, ఇది బాగా లేదు, డ్రమ్మే బాగుందని లేచి చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు, వాడు కూడా. రాష్ట్రం వచ్చిన నాటికి కూడా ఆ పాటను ఆ ఖాళీతోనే పాడేవారు. ఆ మంగళవారం నుంచి నేను కాగితం ఎత్తేదాకా అందరూ నా వైపే చూస్తూ ఆగేవారు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత కాలు మీద కాలేసుకుని చదివేవాణ్ణి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీశాను. నాలుగు పది, ఐదు ఇరవై అని అంకెలు ఉన్నాయి. వాటి కింద మాటలు రాయాలనిపించింది. నా అంతట నేను రాసిన మొదటి మాటలు అవే. పేర్లు రాద్దామంటే వాళ్ల పేర్లన్నిటికీ ఒత్తులే. అందుకని ఎవరేం చేశారో అదే రాశాను. ఇప్పుడు కూడా పేర్లు వెయ్యను, ఆ పేజీలో ఉన్నట్టే ఎక్కిస్తున్నాను, తప్పులు మాత్రం నా భార్య దిద్దింది.

ఆ రోజు ఉన్నవాళ్లు: పాట రాసి లైను కొట్టేసిన గిటారు పిల్లగాడు. లావు తీగల గిటారు పిల్లగాడు. సొట్ట చూసి కూర్చున్న ఆయన. హాస్టల్ నుంచి కరెంటు వైరు లాగిన ఇద్దరు. మెస్సులో రొట్టెలు చేసే ఆమె, ఆమె చెల్లెలు. బాక్సు మోసి నడుం పట్టేసిన ప్రొఫెసర్. నాకు పెన్ను ఇచ్చి తిరిగి అడగని అమ్మాయి. పేరూ పనీ తెలియని పిల్లలు ముప్పై మంది దాకా, అందరూ ఆగినవాళ్లే. నా భార్య. నేను. డ్రమ్ము మోసిన నాన్న. డ్రమ్ములు కొట్టే పిల్ల. కడదాకా ఉండి, కాగితం ఒకటి అడిగి జేబులో పెట్టుకుని, ఖాళీ బండితో పోయిన ట్రాలీ ఆటో ఆయన.